దారి తప్పిన ఫ్యాక్సులు, అర కిలో బెల్లం

మా ఆఫీసులో రామాంజినేయులుకు ఒకే ఒక్క పిచ్చి ఉండేది. పంపిన ఫ్యాక్స్ నంబరు తప్పి ఎవరింటికో పోతే, ఆ ఇల్లెక్కడుందో కనుక్కొని, మరుసటిరోజు పొద్దున ప్యాసింజరు ఎక్కి, అర కిలో బెల్లంతో ఆ ఇంటికి పోయి క్షమాపణ చెప్పి వచ్చేవాడు. కంప్యూటర్లో నంబరు దిద్దడం ఆ తర్వాతి సంగతి.

నేను కాన్వెంటులో చదువుకున్నవాణ్ణి. తప్పు జరిగితే 'సారీ' అనాలని సిస్టర్లు చిన్నప్పుడే నేర్పారు. ఆ మాటలో ఉన్న సుఖమేమిటంటే, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా అనేయవచ్చు. రామాంజినేయులు సారీకి మాత్రం రైలు టికెట్టు కావాలి, సంచి కావాలి, హిందూపురం మార్కెట్టులో వాసన చూసి ఏరిన బెల్లం అచ్చు కావాలి.

మేమిద్దరం హిందూపురంలో ఒక పట్టుదారం ఏజెన్సీలో పనిచేసేవాళ్ళం. దారం ఇక్కడ కొనడం, పెనుకొండలో పురి పెట్టించడం, ధర్మవరం మగ్గాలకు అమ్మడం మా వ్యాపారం. నేను లెక్కలు చూసేవాణ్ణి. ఉత్తరాలూ ఫ్యాక్సులూ ఆయనవి. యజమాని శ్రీరాములు సావుకారు ఎక్కువగా ధర్మవరం కొట్టులో ఉండేవాడు. మంగళవారం మాత్రం హిందూపురం వచ్చి, ఆ వారానికి సరిపడా అరిచి, సాయంత్రం బండికి వెళ్ళిపోయేవాడు.

తొంభైతొమ్మిదిలో సావుకారు కంప్యూటరు కొన్నాడు. దానికో గది కట్టించి, ఏసీ పెట్టించి, కిటికీలకు తెరలు వేయించాడు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. దుమ్ము పడుతుందని ఇద్దరికే ప్రవేశం. ఒకరు రామాంజినేయులు. రెండోవారు బిల్లులు టైపు చెయ్యడానికి కొత్తగా చేరిన వరలక్ష్మి. ఆ అమ్మాయి గొంతు నేను ఎన్నడోగాని విన్నది లేదు, తలుపు సందులోంచి కీబోర్డు చప్పుడే వినబడేది. సావుకారు కూడా లోపలికి పోయేవాడు కాదు. గుమ్మం దగ్గరే నిలబడి, రెండు చేతులూ జోడించి, వెనక్కి తిరిగేవాడు.

ఆ కంప్యూటర్లో ఒక చిరునామాల పుస్తకం ఉండేది. మనిషి పేరు, ఊరు, ఫ్యాక్స్ నంబరు ఒక్కసారి కొట్టి పెడితే చాలు. ఆ పైన పేరు మీద నొక్కితే కంప్యూటరే నంబరు తిప్పి కాగితం పంపేది. ఎంత తెలివైనదో అంత మొండిది. నంబరు తప్పుగా కొట్టి పెడితే, అంతే శ్రద్ధగా తప్పు నంబరే తిప్పేది. అవతల ఫోను ఎత్తినవాళ్ళు 'రాంగ్ నంబర్' అని గొంతు చించుకున్నా దానికి వినబడదు. కాసేపాగి మళ్ళీ తిప్పేది. ఇంకాసేపాగి మళ్ళీ.

పైగా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడింటి ఎస్టీడీ కోడ్‌లకూ చివరి అంకె ఒక్కటే తేడా. ఆ ఒక్క అంకె తప్పితే చాలు, ధర్మవరం పోవలసిన ఫ్యాక్స్ నిద్రమత్తులో ఉన్న ప్రయాణికుడి మాదిరి పెనుకొండలోనే దిగిపోయేది. మధ్యాహ్నం భోజనం చేసి లెక్కల పుస్తకం మీద తల వాల్చినప్పుడు నాకవి కనబడేవి. రైలు కట్ట పక్కన తీగల మీద తెల్లటి కాగితాలు ఒకదాని వెనుక ఒకటి నడిచిపోతుండేవి. పెనుకొండ కొండ దగ్గరకు రాగానే ఒకటి ఆగి, నీడ చూసుకొని, 'ఇదే ఊరేమో' అనుకొని దిగిపోయేది.

మొట్టమొదట దారి తప్పిన ఫ్యాక్స్ ధర్మవరంలో నల్లప్ప కాఫీ హోటలుకు పోయింది. అది పొద్దున బేరం వేళ. నల్లప్ప ఒక చేత్తో పాలు తిప్పుతూ ఫోను ఎత్తితే, అందులో 'కీ... కీ...' అని సన్నటి కూత. పెట్టేశాడు. మళ్ళీ మోగింది. మూడోసారికి పాలు పొంగాయి. నల్లప్ప ఎట్లాగో నంబరు కనుక్కొని, నేరుగా మా సావుకారుకే ఫోను చేసి తిట్టాడు.

సావుకారు ఆ తిట్లన్నీ చెక్కుచెదరకుండా మోసుకొచ్చి మంగళవారం మా ముందు దించాడు.

"ఎవురప్పా ఆ నంబరు కొట్టింది?"

రామాంజినేయులు కుడిచేతి చూపుడువేలు పైకెత్తి చూపించాడు.

"నా వేలే జారింది సామీ."

"జారేదానికి అదేమన్నా అరటిపండు తొక్కా?"

"అదే సామీ, నాకూ తెలీలే."

మరుసటిరోజే ఆయన మొదటి బెల్లం ప్రయాణం. సాయంత్రం తిరిగొచ్చేసరికి నల్లప్ప పరమ మిత్రుడైపోయాడు. ఎంత మిత్రుడంటే, ఆ తర్వాత రాని ఫ్యాక్సులకు కూడా బెల్లం అడగడం మొదలుపెట్టాడు. ఒక సోమవారం నా ముందే ఫోను వచ్చింది.

"ఏమప్పా రామాంజినేయులూ, నిన్న మీ ఫ్యాక్స్ మాకు రెండు తూర్లు వచ్చె."

"నిన్న ఆదివారం కదప్పా. మా ఆఫీసే తెరవలే."

"అట్లనా? అయితే పోయిన వారందేమోలే. అవునుగాని, ఆ బెల్లంతో కాఫీ కాస్తే జనం ఎగబడి తాగుతాండారప్పా."

రామాంజినేయులు ఫోను పెట్టి చాలాసేపు ఆలోచించాడు. చివరికి, రాని ఫ్యాక్సుకు పావుకిలో చాలని తేల్చాడు.

పెనుకొండలో కొండ కింద వీధిలో రామక్క అనే పెద్దావిడ ఉండేది. కొడుకు కరెంటు లైన్‌మన్ కావడంతో ఆ వీధిలో అందరికంటే ముందు వాళ్ళింటికి ఫోను వచ్చింది. కొడుకు పగలంతా స్తంభాల మీద ఉండేవాడు, రామక్క ఫోను పక్కన ఉండేది. మా ఫ్యాక్సుల్లో సగం దారి తప్పితే ఆ ఇంటికే చేరేవి. ఎందుకో ఆ గుమ్మం వాటికి నచ్చింది.

మొదటిసారి ఆ 'కీ... కీ...' విని రామక్క భయపడలేదు, కోప్పడలేదు.

"ఎవురి బిడ్డవు నాయనా? ఎందుకేడుస్తాండావు? మీ యమ్మ యాడికి పోయింది?" అని అడిగింది.

ఫ్యాక్స్ 'కీ' అంది.

రామక్క ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకొని జోల పాడింది. ఒక నిమిషం చూసి, అవతల ఫ్యాక్స్ మిషను లేదని తెలుసుకొని, కంప్యూటరు ఫోను పెట్టేసింది. బిడ్డ నిద్రపోయాడని రామక్క చప్పుడు కాకుండా రిసీవరు దించింది. ఆవిడ జోల ఏనాడూ విఫలం కాలేదు. ఎంత మొండి ఫ్యాక్సైనా నిమిషంలో పడుకునేది.

రామాంజినేయులు బెల్లం పట్టుకొని పోయి వివరంగా చెప్పాడు.

"అది బిడ్డ కాదవ్వా. మిషను."

"మిషనైతే ఏమప్పా? ఏడుస్తాండాది కదా?"

ఆయన బెల్లం ఆవిడ చేతిలో పెట్టి వచ్చేశాడు. రామక్క జోలకు ఆ కూత ఎంతగా కలిసిపోయిందంటే, పెనుకొండ కొండ మీది చిలకలు 'కీ... కీ...' అని మూడుసార్లు కూసి, కాసేపాగి మళ్ళీ మూడుసార్లు కూయడం నేర్చుకున్నాయి. నేను చెవులారా విన్నాను. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

అదే ఊళ్ళో రూతమ్మ సంగతి వేరు. ఆమె ఒక కంటి ఆస్పత్రిలో పెద్ద నర్సు. రాత్రి డ్యూటీ చేసి పగలు క్వార్టర్సులో నిద్రపోయే మనిషి. అలాంటి మనిషిని మా ఫ్యాక్స్ వరసగా మూడుసార్లు నిద్ర లేపింది. నాలుగోసారి రామాంజినేయులు తలుపు తట్టి లేపాడు.

"బెల్లమా? నాకు షుగరుండాది. ఫోనుతో సగం చంపినావు, మిగిలిన సగం దీంతో చంపను వచ్చినావా?"

ఆయన అటునుంచి అటే తిరిగొచ్చి, మరుసటిరోజు చింతపండు పట్టుకొని పోయాడు. రూతమ్మ చింతపండును వేలితో నొక్కి చూసి, లోపలికి రమ్మంది.

"కూర్చో. కన్ను పెద్దగా తెరువు."

"నా కంటికేమైంది సిస్టరమ్మా?"

"నంబర్లు తప్పు కొట్టేటోని కన్ను చూడకుండా ఎట్ల వదుల్తాను?"

టార్చి వేసి, రెప్పలు తిరగేసి, గోడ మీది అక్షరాలు చదివించి, చేతికి పుస్తకమిచ్చి చదివించి, చివరికి నడుం మీద చెయ్యి వేసుకొని నిలబడిందట.

"నీ కండ్లు గద్ద కండ్లయ్యా. మరి నంబర్లు ఎట్ల తప్పుతాండాయి?"

"వేలు జారుతాది సిస్టరమ్మా."

ఈ కథ ఆయన నాకు చెప్పి పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. రూతమ్మ మాత్రం నవ్వలేదట, ఆయన్ను చాలాసేపు అలాగే చూసిందట.

ఇదంతా నవ్వులాటగానే సాగిపోయేదేమోగానీ, ఆ ఏడు పెళ్ళిళ్ళ కాలానికి ముందు ఒక పెద్ద బేరం పోయింది. ధర్మవరంలో వంద మగ్గాలున్న ఒక షాపువాళ్ళు దారం ధర వెంటనే చెప్పమన్నారు. మేము ధర ఫ్యాక్స్ చేశాం. అది పోయి రామక్క ఒళ్ళో పడుకుంది. సాయంత్రం దాకా ఎదురుచూసి, షాపువాళ్ళు ఇంకొకరి దగ్గర దారం కొన్నారు.

ఆ మంగళవారం సావుకారు అరవలేదు. దానికే మాకు భయం వేసింది. మెల్లగా కుర్చీలో కూర్చొని, జేబులోంచి ఒక వస్తువు తీసి బల్ల మీద పెట్టాడు. దర్జీలు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు.

"నీ వేలికి ఇది పెట్టుకో. జారకుండా ఉంటాది."

"సరే సామీ."

"ఇదే కడాపటి మాట. ఇంకొక్క ఫ్యాక్స్ దారి తప్పిందంటే, ఆ నంబరు కొట్టినోళ్ళు ఇంటికి పోవాల్సిందే. నువ్వు గానీ, ఇంకెవురు గానీ. నేను మాట తప్పేటోణ్ణి కాదు."

ఆ రోజు నుంచి రామాంజినేయులు ఆ తొడుగు తీయలేదు. సంతకం చేసినా, టీ తాగినా, సైకిలు బెల్లు కొట్టినా వేలికి ఇత్తడి మెరుస్తుండేది. టీ గ్లాసుకు తగిలి 'టింగ్' మంటే బంకుల దగ్గర జనం తిరిగి చూసేవారు. ఆయనకు రెండు ఎకరాల వర్షాధారపు భూమి, ఇంట్లో ఐదుగురు. ఈ ఉద్యోగం పోతే ఇంకొకటి ఇచ్చేవాళ్ళు లేరు.

ఆ వారమే ఆయన రామక్క ఇంటికి బెల్లం తీసుకొని పోతుంటే, నచ్చజెప్పుదామని నేనూ వెంట బయల్దేరాను.

ఆ ప్యాసింజరుకు తొందరంటే తెలియదు. మంచు ఇంకా పొలాల మీది నుంచి లేవలేదు. వేరుశనగ చేలు, రాళ్ళ గుట్టలు, మళ్ళీ చేలు, కిటికీలోంచి ఒకే బొమ్మను ఎవరో మెల్లగా తిప్పుతున్నట్లుంది. దూరంగా పెనుకొండ కొండ కనబడీ కనబడక, నీళ్ళలో ముంచిన నీలిమందు ముద్దలా ఉంది. రామాంజినేయులు ఒళ్ళో బెల్లం సంచి పెట్టుకొని, ఇత్తడి వేలితో కిటికీ ఊచ మీద తాళం వేస్తున్నాడు.

"అన్నా, ఉద్యోగం పోయేటట్లుండాది. ఈ బెల్లాలు మాని, నంబర్లు ఒకటికి రెండుసార్లు చూసి కొట్టరాదా?" అన్నాను.

రైలు పక్కన ఒక గొర్రెల మంద పోతోంది. మంద దాటిపోయేదాకా ఆయన దాన్నే చూశాడు.

"మాది బుక్కపట్నం దిక్కు అబ్బా. నీకు తెలుసు కదా, మా నాయన గొర్రెలు కాసేటోడు. ఒక్కోసారి మన గొర్రె పోయి పక్కనోళ్ళ మందలో కలుస్తాది. అప్పుడు గట్టు మీద నిలబడి 'ఓయ్, మా గొర్రె తోలండప్పా' అని అరిచేది లేదు. పెద్దోడు స్వయంగా పోవాల. చేతిలో బెల్లముండాల. 'మీ దొడ్డి తొక్కింది, తప్పు మాది' అని చెప్పి, నీళ్ళు తాగి, గొర్రెను తోలుకొని రావాల."

"ఫ్యాక్స్ గొర్రె కాదు కదన్నా."

"నువ్వు దాని కూత వినలేదు" అన్నాడు.

రామక్క మాకు అన్నం పెట్టింది. ఆ పూట ఆమెకూ ఆయనకూ మధ్య ఏదో గుసగుస నడిచింది. రూతమ్మ పేరు వినబడింది, బేస్తవారం, అంటే గురువారం, అన్న మాట వినబడింది. పెద్దావిడ కంటికి శుక్లమేమో అనుకొని నేను పట్టించుకోలేదు. తిరుగు రైల్లో బెల్లం లేని సంచి తలకింద పెట్టుకొని, ఆయన హాయిగా నిద్రపోయాడు. ఉద్యోగం పోయే మనిషి అంత హాయిగా నిద్రపోవడం నేను అంతవరకు చూడలేదు.

ఆ తర్వాతి మంగళవారం పొద్దున్నే ఇంకో ఫ్యాక్స్ దారి తప్పింది. అదీ సావుకారు వచ్చిన గంటకే. ఫ్యాక్స్ పోలేదని, గది బయట పెట్టిన ప్రింటరు ఒక చీటీ కక్కింది. దాని మీదున్న నంబరు రామక్కది. చీటీ సావుకారు చేతికే చిక్కింది.

"ఎవురు?" అన్నాడు.

ఇత్తడి వేలు పైకి లేచింది.

"నా వేలే జారింది సామీ."

"తొడుగుండగానే జారిందా?"

"తొడుగుతో సహా జారింది సామీ."

సావుకారు లేచాడు. నేరుగా కంప్యూటరు గది వైపు నడిచాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. దండం పెట్టాడు. ఆ పైన, ఎప్పుడూ లేనిది, లోపలికి అడుగుపెట్టాడు. నన్నూ రమ్మన్నాడు, సాక్షిగా. ఏసీ చలికి భుజం మీది తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. వరలక్ష్మి కుర్చీలోంచి లేచి గోడకు అంటుకుపోయింది.

"కూర్చో. కొత్త పార్టీ నంబరు ఇది. నా కండ్ల ముందర కొట్టు. ఆ వేలు ఎట్ల జారుతాదో నేనూ చూస్తా."

రామాంజినేయులు కూర్చున్నాడు. ఇత్తడి వేలు గాల్లోకి లేచింది. కోడిపిల్ల కోసం గద్ద తిరిగినట్లు కీబోర్డు పైన ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది. ఆ మూల నుంచి ఈ మూలకు పోయి, మళ్ళీ మొదటికొచ్చింది. ఏసీ గదిలో ఆయన మెడ మీద చెమట కారడం నాకు కనబడుతోంది.

"ఏమప్పా వెతుకుతాండావు?"

"అయిదు సామీ."

"అయిదు కనబళ్ళేదా?"

"పొద్దున ఈడే ఉండె సామీ."

ఇక దారి లేక, ఆ మీటలన్నిటిలోకీ పెద్దదిగా, నమ్మదగినదిగా కనబడిన మీటను వెతికి, కళ్ళు మూసుకొని 'టక్' మని నొక్కాడు. కంప్యూటరు పక్కన మోడెం అనే చిన్న పెట్టె ఉండేది. అది మేలుకొని, పొద్దున పోని ఫ్యాక్సును మళ్ళీ పంపడం మొదలుపెట్టింది. టిక టిక మని నంబరు తిరిగింది. ఆ పెట్టెలో ఉన్న స్పీకరులోంచి అవతల ఫోను మోగడం మా అందరికీ వినబడింది. ఎవరో ఎత్తారు. ఫ్యాక్స్ 'కీ' అంది.

"వచ్చినావా బంగారూ?" అంది రామక్క గొంతు.

సావుకారు తువ్వాలు సర్దుకోబోయి ఆగిపోయాడు.

"మళ్ళా దారి తప్పినావా? ఏడవద్దు, ఏడవద్దు. ఇంకెన్నాళ్ళులే. ఈ బేస్తవారమే రామాంజినేయులు ఆ వరలక్ష్మి పాపను రూతమ్మ ఆస్పత్రికి తోడుకొస్తాడంట. పాపకు దగ్గరి అంకెలు ఆనవంట. అద్దాలు పెడితే నిన్ను సరైన ఇంటికే పంపిస్తాదిలే. అంతవరకు ఆయప్ప వేలే జారుతాండనీలే, పాపం... జో..."

రామక్క జోల అందుకుంది. ఆ చల్లటి గదిలో, తెరలు వేసిన మసక వెలుతురులో, నలుగురం కదలకుండా ఆ జోల మొత్తం విన్నాం. సావుకారు తల మెల్లగా ఊగడం నేను చూశాను. నిమిషం కాగానే పెట్టె 'టిక్' మని ఆగిపోయింది.

"నిద్రపోయిందా?" అన్నాడు సావుకారు రహస్యంగా.

అప్పుడు వరలక్ష్మి గోడ వదిలి ముందుకొచ్చింది.

"నంబర్లు నేనే కొడ్తా సార్. మొదటినుంచీ నేనే. విజిటింగు కార్డుల మీద అయిదూ ఆరూ ఎనిమిదీ అన్నీ ఒకే మాదిరి కనబడతాయి. కండ్లు బాగలేవని తెలిస్తే కంప్యూటరు వల్లే పోయినాయని మా నాయన పని మాన్పిస్తాడు. ఆయన మాన్పించకపోతే మీరు మాన్పిస్తారు. అందుకే చెప్పలేదు. రామాంజినేయులు మామకు మాత్రం తెలిసిపోయింది."

సావుకారు ఆయన వైపు తిరిగాడు.

"మరి నీ వేలు?"

రామాంజినేయులు తొడుగు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నా వేలు ఇంతవరకు దాన్ని ముట్టలేదు సామీ. షాకు కొడతాదని భయం."

"మరెందుకప్పా నెత్తినేసుకున్యావు?"

"మందను నాకప్పజెప్పినారు కదా సామీ. గొర్రె తప్పిపోతే కాసే పిల్లోళ్ళ పేరు బయట చెప్పేది మా ఇండ్లల్లో లేదు. పెద్దోడే పోతాడు. 'నేనే చూసుకోలేదు' అంటాడు."

రైల్లో నాకు చెప్పిన ఆచారంలో ఈ చివరి ముక్క ఆయన మింగేశాడు. బెల్లం సంగతి కూడా నాకప్పుడే తలకెక్కింది. నోరు తీపైన ఇంటి నుంచి సావుకారుకు ఫిర్యాదు పోదు. ఫిర్యాదు పోకపోతే ఆ గది తలుపు ఎవరూ తెరిచి చూడరు. నల్లప్పకు రాని ఫ్యాక్సుకు కూడా పావుకిలో ఎందుకిచ్చాడో అప్పటిదాకా తెలుసుకోవడానికి నా కాన్వెంటు చదువు చాలలేదు.

సావుకారు గొంతు సవరించుకొని, మంగళవారం గొంతు తెచ్చుకున్నాడు.

"చెప్పిన మాట నేను తప్పను. నంబరు కొట్టినోళ్ళు ఇంటికి పోవాల్సిందే."

వరలక్ష్మి కళ్ళనిండా నీళ్ళు.

"పోమ్మా, ఇంటికి పో. మీ నాయన్ను వెంటబెట్టుకొని బేస్తవారం పెనుకొండకు పో. అద్దాలు తెచ్చుకో. శుక్రవారం పొద్దున ఈ కుర్చీలో కనబడకపోతే మాత్రం నేను మనిషిని కాదు. మీ నాయన ఏమన్నా అంటే నాతో మాట్లాడమను. కండ్లు చెడిపోయేది కంప్యూటరు వల్ల కాదు, నా మాదిరి అరిచేటోళ్ళ వల్ల అని చెప్తా."

అంటూ తన ముక్కు మీది చదువుకునే అద్దాలు తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. అంతవరకు వాడుకోమన్నాడు. ఒక కాడ విరిగితే దారం కట్టిన అద్దాలవి, మా సొంత పట్టుదారం. వరలక్ష్మి అవి పెట్టుకొని కీబోర్డు మీదికి వంగింది. ఆ దారం కట్టిన అద్దాల వెనుక ముఖం పున్నమి మాదిరి విప్పారింది.

"మామా, అయిదు ఈడుండాది" అంది.

శుక్రవారం నుంచి మా ఫ్యాక్సులన్నీ బుద్ధిగా ఇళ్ళకు చేరాయి. వరలక్ష్మి కొత్త అద్దాలతో చిరునామాల పుస్తకం మొదటినుంచి చివరిదాకా దిద్దింది. ఫ్యాక్సులు ఏ స్టేషనులోనూ నిద్రమత్తులో దిగలేదు. వ్యాపారం బాగుపడింది, ఆఫీసు బోసిపోయింది. రామాంజినేయులు పొద్దున ప్యాసింజరు కూత వినబడితే చాలు, సంచి వైపు చూసి, మళ్ళీ ఉత్తరాల్లో తల దూర్చేవాడు. నల్లప్ప ఫోను చేసి, కాఫీ బేరం పడిపోయిందని వాపోయాడు. రూతమ్మ ఫోను చేసి, నిద్ర బాగా పడుతోందిగాని చింతపండు అయిపోయిందని చెప్పింది. రామక్క కొడుకు స్తంభం దిగి మరీ ఫోను చేశాడు.

"మా యమ్మ అడగమంటాండాది సార్. బిడ్డ బాగుండాడా అని. ఎన్నాళ్ళయిందో గొంతు వినక."

ఆ మాట నేను భోజనాల దగ్గర వరలక్ష్మికీ చెప్పాను. మంగళవారం సావుకారుకూ చెప్పాను.

దీపావళి ముందు మంగళవారం పొద్దున ప్రింటరు మళ్ళీ ఒక చీటీ కక్కింది. ఫ్యాక్స్ పోలేదు. నంబరు రామక్కది.

చీటీ ఈసారీ సావుకారు చేతికే చిక్కింది. వరలక్ష్మి కొత్త అద్దాలు తీసి, అసలే శుభ్రంగా ఉన్నవాటిని ఓణీ కొంగుతో తుడుస్తోంది. ఆ అద్దాలతో ఆ అమ్మాయి చీమ కాళ్ళు కూడా లెక్కపెట్టగలదని నాకు తెలుసు. రామాంజినేయులు అలవాటుగా వేలు పైకెత్తబోయాడు.

"చెయ్యి దించు" అన్నాడు సావుకారు. "ఆ తొడుగు యాడుండాది?"

రామాంజినేయులు సొరుగులోంచి తీసిచ్చాడు. సావుకారు దాన్ని తువ్వాలుతో తుడిచి, తన లావుపాటి వేలికి కష్టపడి తొడుక్కొని, మా ముగ్గురికీ కనబడేటట్లు పైకెత్తాడు.

"నా వేలే జారిందప్పా. నువ్వు బయల్దేరు, బండి టైమవుతాండాది. ఈ తూరి బెల్లం రెండు కిలోలు తీసుకో, కాఫీ హోటలాయప్పకు కూడా. సిస్టరమ్మకు చింతపండు మర్చిపోవద్దు."

రామాంజినేయులు అప్పటికే సంచి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాకా పోయి, ఏదో గుర్తొచ్చినట్లు వెనక్కి తిరిగాడు.

"సామీ, ఒక మాట. అయిదు యాడుండాది?"

సావుకారు కంప్యూటరు గది వైపు ఒకసారి చూసి, ఇత్తడి వేలితో గడ్డం గోక్కున్నాడు.

"పొద్దున ఆడే ఉండెనప్పా" అన్నాడు.